హెచ్‌ఐవీ మందులు (ఏఆర్‌టీ) మొదలై ఇరవై ఏళ్లు: కాళ్ల మంటలు, తుంటి నొప్పులు, సదరం – మీకెలా ఉంది?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నాకు 53 ఏళ్లు. తెనాలి దగ్గర మా ఊళ్లో టైలరింగ్ చేస్తాను. 2005 చివర్లో మందులు మొదలుపెట్టారు. అప్పటికి సీడీ4 (ఒంట్లో రోగాన్ని తట్టుకునే కణాల లెక్క) 64, తూకం 38 కిలోలు. మా అమ్మ నన్ను ఆటోలో ఎక్కించి, దించి, లైన్లో నా బదులు తనే నిలబడేది. "వీడు నాకు దక్కితే చాలు" అనేది. దక్కాను. మందులు ఒక్క పూట మానలేదు. ఇప్పుడు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనపడటం లేదంటారు, సీడీ4 600 పైనే ఉంటుంది. సెంటర్‌కి వెళ్తే బుక్కు చూసి, "నీకేం, బ్రహ్మాండంగా ఉన్నావు" అని మందులిచ్చి పంపేస్తారు.

మరి ఈ కాళ్లేమిటి? మందులు మొదలుపెట్టిన ఏడాదిలోపే అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు ఉండేది. తర్వాత మంట. ఇప్పుడు రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. పగలేమో చెప్పు జారిపోయినా తెలీదు. అదే కాలికి మంటా ఉంది, స్పర్శా లేదు. మిషన్ పెడల్ మీద ఎంత బరువు వేస్తున్నానో తెలియక కుట్టు పరుగెడుతుంది. పోయిన శ్రావణంలో ఒక పట్టు జాకెట్టు పాడుచేశాను. ఆ పిల్ల ఏమీ అనలేదు, తలవంచుకుని తీసుకెళ్లిపోయింది. అప్పటినుంచి పట్టుబట్టలు ఒప్పుకోవడం మానేశాను.

ఇంకో సంగతి. కొన్ని రోజులు బాగానే ఉంటాను, రైతుబజారుకి నడిచి వెళ్లొస్తాను. మరో నాలుగు రోజులు మంచం దిగి బాత్రూం దాకా గోడ పట్టుకుని పోవాలి. వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి వెళ్లిన రోజు నాకు మంచి రోజు అయింది. డాక్టరు గారు "నడిచే వచ్చావుగా" అన్నారు. పెన్షన్‌కి కావలసిన 40 శాతం రాలేదు.

మీలో ఎంతమందికి ఇలా ఉంది? ఏం చేశారు? వ్యాయామం చేస్తే తగ్గుతుందా, ఇంకా ఎక్కువవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

వేపచెట్టు

అన్నా, నాకూ అదే. మాది అనంతపురం జిల్లా. 2006లో మొదలుపెట్టినా. కాళ్ల మంటలకు తట్టుకోలేక రాత్రి బకెట్లో నీళ్లు పోసుకొని కాళ్లు పెట్టుకొని కూర్చునేదాన్ని.

నన్ను దానికంటే ఎక్కువ ఏడిపించింది మొహం. బుగ్గలు లోపలికి పోయినాయి, కణతల దగ్గర గుంటలు పడినాయి, చేతుల మీద నరాలు తేలినాయి. అప్పుడు ఆ మందులేసుకునేవాళ్లందరి మొహాలూ ఒకే తీరుగా ఉండేవి. నా రోగం సంగతి నేను ఎవురికీ చెప్పలేదు, నా మొహమే ఊరంతా చెప్పేసింది. తర్వాత మందు మార్చినారు. మంటలు కొంచెం తగ్గినాయి. బుగ్గలు మాత్రం తిరిగి రాలేదు.

గాలిపటం

మా బంధువొకాయన ఇంగ్లీషు మందులు ఆపేసి మూలికలు వాడితే తిమ్మిర్లు పోయాయి. ఇన్నేళ్లు వాడారు కదా, ఓ ఆరు నెలలు ఆపి చూడండి.

తెల్లకోటు

ముందు గాలిపటం గారికి: దయచేసి ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వకండి. మందు ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. కాళ్ల కోసం ప్రాణం పణంగా పెట్టమని చెప్పినట్టే. పైగా అదుపులో లేని వైరస్ కూడా నరాల్ని తింటుంది.

కృష్ణాతీరం గారూ, వేపచెట్టు గారూ, నేను ఏఆర్‌టీ సెంటర్లో మెడికల్ ఆఫీసర్‌గా చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీరిద్దరూ చెబుతున్నది చాలావరకు ఒకే మందు చేసిన పని. దాని పేరు స్టావుడిన్. మీ పాత బుక్కులో "ఎస్‌ఎల్‌ఎన్" అని ఉంటే, అందులో ఎస్ అదే.

ఆ మందు ఎందుకిచ్చారని మీకు కోపం రావడం న్యాయం. జరిగింది చెబుతాను. మన దేశంలో ఉచిత మందులు 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. మొదట ఆరు రాష్ట్రాలు, ఢిల్లీ. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంతకు మూడేళ్ల ముందు, 2001లో, సిప్లా కంపెనీ మూడు మందుల్ని ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది. అప్పటిదాకా అదే వైద్యానికి ఏడాదికి పదివేల డాలర్లకు పైనే అయ్యేది. ఆ చవక మూడింటిలో ఒకటి స్టావుడిన్. ఆ ధర లేకపోతే ఉచితం అనే మాటే పుట్టేది కాదు. దాని బదులు జిడోవుడిన్ ఇద్దామంటే అది రక్తం తగ్గిస్తుంది. మా దగ్గరికి మోసుకొచ్చే మనుషులకు హిమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో ఉండేది. అందుకని స్టావుడిన్ రాసేవాళ్లం. నెల తిరిగేసరికి లేచి కూర్చునేవాళ్లు. ఆ లేవడం చూసినవాళ్లకు పాదాలు గుర్తుకు రాలేదు.

అది నరాల కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు నడుము నుంచి పాదాలకు వెళ్లేవి. అందుకే అక్కడ మొదలవుతుంది, వయసు పైబడినవాళ్లకూ పొడగరులకూ ఎక్కువ. టీబీకి ఐసోనియాజిడ్ కూడా తోడైతే ఇంకా బరువు. మంటా, స్పర్శ లేకపోవడమూ ఒకే కాలికి ఎలా అని అడిగారు. చచ్చిపోయిన నరం ఉన్న కబురు మోయదు. సగం దెబ్బతిన్న నరం లేని కబురు మోస్తుంది. మీ పాదంలో రెండు రకాలూ ఉన్నాయి.

2007లో మోతాదు అందరికీ 30 మిల్లీగ్రాములకు తగ్గించమన్నారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందునే క్రమంగా వదిలేయమంది. మన దగ్గర ఆ తర్వాత టెనోఫోవిర్ కలిసిన ఒకే బిళ్ల వచ్చింది, ఇప్పుడు డోలుటెగ్రావిర్‌తో ఉన్నది ఇస్తున్నారు. అంటే ఇప్పుడు కొత్తగా మందులు మొదలుపెట్టే పిల్లలకు మీ బాధ రాదు. టెనోఫోవిర్‌కీ ఎముకలు, మూత్రపిండాల పేచీ ఉంది, క్రియాటినిన్ పరీక్ష అందుకే చేస్తారు. అది వేరే చర్చ.

ఇప్పుడు చేయాల్సింది. ఇరవై ఏళ్ల కిందటి మందు మీదే తప్పంతా వేసి ఊరుకోవద్దు. షుగర్, బి12, థైరాయిడ్ చూపించుకోండి, మద్యం ఉంటే మానండి. ఇవన్నీ అవే నరాల్ని తింటాయి. రాత్రి మంటకు అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రిగాబలిన్ లాంటి మందులున్నాయి. మీకేది సరిపోతుందో మీ డాక్టరు చూడాలి, మిగతా మందులతో పొసగాలి కాబట్టి. బలం బిళ్లలని బి6 ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి మింగేవాళ్లున్నారు. అది శ్రుతి మించితే అదే నరాల్ని పాడుచేస్తుంది.

ఒక ముల్లు నా మనసులో ఉండిపోయింది. రోజూ వందల మంది వచ్చేవారు. "మందులు వేసుకుంటున్నావా? దగ్గుందా? జ్వరముందా?" ఈ మూడే అడిగేవాళ్లం. "నడవగలుగుతున్నావా, నీ పని నువ్వు చేసుకోగలుగుతున్నావా?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు బుక్కులో గడి లేదు.

కృష్ణాతీరం

డాక్టరు గారూ, ఇన్నేళ్లలో నాకు ఇంత వివరంగా చెప్పినవాళ్లు లేరు. కోపం లేదండీ. ఆ మందు లేకపోతే మా అమ్మకు నేను లేను.

బి12 చేయిస్తాను.

ఫిజియో_కాకినాడ

ఈ చర్చ కోసం ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. నేను ఫిజియోథెరపిస్టుని. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు మా గదికి రారు. వచ్చినా "షుగర్ ఉంది మేడం" అని చెబుతారు. నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. ఎవరూ పంపరు కాబట్టి రారు. పక్షవాతం వచ్చినవాళ్లను ఫిజియోకి పంపాలని ఆయాకి కూడా తెలుసు. ఏఆర్‌టీ బుక్కు మీద "ఫిజియోకి చూపించండి" అని రాసినది నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

కృష్ణాతీరం అన్నయ్యా, మీ మంచి రోజు, చెడ్డ రోజు సంగతికి ఒక పేరుంది. టొరంటో విశ్వవిద్యాలయంలో కెల్లీ ఓబ్రియన్ అనే ఫిజియోథెరపిస్టు బృందం అక్కడ హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లనే కూర్చోబెట్టి, మీ వైకల్యం ఎలా ఉంటుందో మీరే చెప్పండని అడిగింది. 2008లో దాన్ని ప్రచురించారు. వాళ్లు చెప్పింది మీరు చెప్పిందే: వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ఎపిసోడిక్ డిసెబిలిటీ అంటారు. ఒంట్లో నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది, నలుగురిలో కలవలేకపోవడం – వీటితోపాటు నాలుగోదొకటి వాళ్లు చెప్పారు: రేపెలా ఉంటుందో తెలియకపోవడం. అది కూడా వైకల్యంలో భాగమే అన్నారు. నేను చదివినప్పుడు ఆ నాలుగోదాని దగ్గర ఆగిపోయాను. పెళ్లికి వస్తానని మాటివ్వలేకపోవడం, బట్ట తీసుకుని ఫలానా రోజుకి ఇస్తానని చెప్పలేకపోవడం. సదరం బల్ల మీద కోణాలు కొలిచే పరికరానికి అది అందదు.

వ్యాయామం గురించి అడిగారు. చేయొచ్చు, చేయాలి. హెచ్‌ఐవీ ఉన్న పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కూడగట్టి చూశారు. పూటకు 20 నిమిషాలకు తగ్గకుండా, వారానికి 3 సార్లు, కనీసం 5 వారాలు చేస్తే దమ్ము, కండబలం పెరుగుతాయి, సీడీ4 తగ్గదు, వైరల్ లోడ్ పెరగదు. చచ్చిన నరం దీనితో లేవదు, ఆ ఆశ పెట్టను. కానీ ఉన్న కండ, ఒంటి నిలకడ ఆ లోటును మోస్తాయి.

ఇలా మొదలుపెట్టండి. గట్టి కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, మళ్లీ మెల్లగా కూర్చోవడం, పదిసార్లు. వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. గోడ పక్కనే ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి పది అడుగులు, పడితే పట్టుకోవడానికి మనిషి పక్కన ఉండగా. కళ్లు మూసుకుంటే తూలుతున్నారా? మీ పాదాల పని మీ కళ్లు చేస్తున్నాయన్నమాట. అందుకే రాత్రి బాత్రూం దారిలో చిన్న బల్బు వెలగాలి. కరెంటు బిల్లు చూడకండి. తుంటి విరిగితే అయ్యే ఖర్చు ముందు అదెంత?

పాదాలు రోజూ సాయంత్రం చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టి అరికాలు చూడండి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు కదా. వేడి నీళ్లు పాదంతో కాదు, మోచేత్తో చూడాలి. వేపచెట్టు అక్కా, బకెట్లో గంటలు గంటలు నానబెట్టొద్దు, వేళ్ల మధ్య పాచి పుండ్లు వస్తాయి. తడిగుడ్డ చాలు, తర్వాత పొడిగా తుడుచుకోండి. హవాయి చెప్పులు వదిలేసి వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరు అడుగు ఉన్నవి) వేసుకోండి. షుగర్ వాళ్లవి అని అడిగితే ఎక్కడైనా ఇస్తారు.

మీ పని గురించి కూడా ఆలోచించాను. తొక్కుడు మిషన్ మానేసి సర్వో మోటారు పెట్టుకోగలరా? దానికి వేగం ముందే బిగించుకోవచ్చు, ఎంత నొక్కినా అంతకు మించి పోదు. పాదానికి తెలియకపోయినా మోటారుకి తెలుస్తుంది. ఇంకొకటి, మీలాంటివాళ్లందరూ చేసే పొరపాటు. మంచి రోజు దొరికిందని రెండు రోజుల పని ఆ ఒక్కరోజే చేసేసి తర్వాత నాలుగు రోజులు పడుకుంటారు. మంచి రోజునే ఆపడం నేర్చుకోండి. అది అన్నిటికంటే కష్టం.

ఓరుగల్లు

నాది తుంటి. 2019ల కుడి తొడ మొదట్ల నొప్పి షురూ అయింది. సయాటికా అన్నరు, బెల్టు ఇచ్చిన్రు, సూదులు పొడిచిన్రు. ఏడాదిన్నర గట్లనే కుంటుకుంట తిరిగిన. ఆఖరికి ఎమ్మారై తీస్తే తుంటి బంతికి నెత్తురు అందక ఎముక చచ్చిపోయిందన్నరు. ఏవీఎన్ అంటరంట. జల్ది వస్తే చిన్న ఆపరేషన్‌తోని ఆగేదుండె అన్నరు. నాకు తెల్వది కద.

కీలు మార్పిడికి ఒక ప్రైవేటు దవాఖానకు పోయిన. రక్తపరీక్ష దాక మంచిగనే మాట్లాడిన్రు. రిపోర్టు వచ్చినంక "మా దగ్గర మిషన్ ఖరాబైంది, వేరే కాడికి పోండి" అన్నరు. గప్పుడే నా పక్క మంచమాయనకు అదే ఆపరేషన్ అయింది. నేను ఏడ్వలేదు, నా భార్య ఏడ్సింది. తర్వాత హైదరాబాద్‌ల సర్కారు దవాఖానల చేసిన్రు. సల్లంగుండాలె వాళ్లు. నాలుగు నెలలకు కట్టె పక్కన పెట్టిన.

ఇప్పుడు నడుస్త. కానీ కింద కూసునుడు లేదు. బంతిల అందరు సాపల మీద కూసుంటే నాకు ఒక్కనికి కుర్చేస్తరు, ఇగ అందరు నన్నే సూస్తరు. ఇంట్ల కమోడ్ పెట్టిచ్చుకున్న, చుట్టాలింటికి పోవుడు బంజేసిన.

తమ్ముండ్లు చెల్లెండ్లు, తొడ మొదట్ల నొప్పి, గజ్జల నొప్పి ఉండి కాలు లోపలికి తిరగకపోతే నడుము అని ఊకోకుండ్రి. నాకు హెచ్‌ఐవీ ఉన్నది, తుంటి ఎమ్మారై తియ్యుండ్రి అని నోరు తెరిచి అడుగుండ్రి. నేను నోరు తెరవక ఏడాదిన్నర పోగొట్టుకున్న.

తెల్లకోటు

ఓరుగల్లు గారి చివరి పేరా ప్రతి ఒక్కరూ రెండుసార్లు చదవండి. స్టెరాయిడ్లు వాడినవాళ్లకు, మద్యం అలవాటున్నవాళ్లకు, కొవ్వులు పెరిగినవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఆపరేషన్ నిరాకరణ గురించి. 2017 హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం ఆ చట్టం ప్రకారం నిషేధం. ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలని కూడా అందులో ఉంది. "మిషన్ ఖరాబైంది" లాంటి మాటలు నోటితో చెబుతారు, కాగితం మీద రాయరు. రాసివ్వమని అడగండి. ఆ అడగడంతోనే కొన్నిచోట్ల మిషన్ బాగవుతుంది.

మల్లెమొగ్గ

నాకు 22. పుట్టుకతోనే ఉంది. అమ్మానాన్నా లేరు, అమ్మమ్మ పెంచింది.

అందరూ కాళ్ల గురించి రాస్తున్నారు, నాది చెవులు. చిన్నప్పుడు రెండు చెవుల్లోంచి చీము కారేది. ఎప్పుడూ దూది పెట్టుకునే బడికి వెళ్లేదాన్ని. తొమ్మిదేళ్లప్పుడు రెండోసారి టీబీ వచ్చింది, రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు చేశారు. ఆ తర్వాత ఫ్యాన్ చప్పుడు వినపడటం ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను. టీచర్లు పరధ్యానం అని వెనక బెంచీలో కూర్చోబెట్టేవారు. వెనక ఇంకేం వినపడుతుంది? టెన్త్ రెండుసార్లు రాశాను.

ఇంటర్‌లో చెవి మిషన్ పెట్టారు. 55 శాతం సర్టిఫికెట్ వచ్చింది. డిగ్రీ అయింది. ఇప్పుడు గ్రూప్-4కి చదువుతున్నాను.

మిషన్ అందరికీ కనపడేలా పెట్టుకుంటాను, నాకు సిగ్గు లేదు. బిళ్ల మాత్రం హాస్టల్లో బాత్రూంలోకి వెళ్లి వేసుకుంటాను. "చెవులెందుకిలా?" అని అడిగితే "చిన్నప్పుడు జ్వరం" అంటాను. ఒక వైకల్యం చెప్పుకోవచ్చు, దాని కారణం చెప్పుకోకూడదు. ఇది నాకొక్కదానికేనా?

వేపచెట్టు

నీ ఒక్కదానికే కాదు తల్లీ. బాగా చదువుకో.

మోడరేటర్

ఓరుగల్లు గారూ, ఆసుపత్రి పేరు రాయనందుకు ధన్యవాదాలు. అందరికీ మనవి: ఊళ్ల పేర్లు, బుక్కు నంబర్లు, ఫోన్ నంబర్లు పెట్టకండి. పేరు చెప్పకుండా మాట్లాడాలంటే 1097 జాతీయ హెల్ప్‌లైన్ ఉచితం.

ఎర్రరిబ్బను

నేను ఊళ్లలో తిరిగి హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను సెంటర్లకు కలిపే లింక్ వర్కర్‌గా చేశాను, ఇప్పుడు ఒక కేర్ అండ్ సపోర్ట్ సెంటర్లో ఉన్నాను. పెన్షన్ గురించి రోజూ అడుగుతారు కాబట్టి రాస్తున్నాను.

ఆంధ్రలో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి ఏఆర్‌టీ పెన్షన్ 4,000. దివ్యాంగుల పెన్షన్ 6,000. తెలంగాణలో ఆసరా కింద 2023 నాటికి హెచ్‌ఐవీ పెన్షన్ 2,016, దివ్యాంగులకు 4,016. ఒకరికి ఒకటే వస్తుంది. కాబట్టి 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లు దివ్యాంగుల పెన్షన్‌కి మారడం డబ్బు పరంగానూ లాభం, గుట్టు పరంగానూ లాభం. లిస్టులో "దివ్యాంగులు" అని ఉంటే ఎవరూ ఏమీ అడగరు.

అయితే చిక్కు ఇక్కడుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, వాటిలో హెచ్‌ఐవీ లేదు. హెచ్‌ఐవీ వల్ల వచ్చిన కాలి వైకల్యం, చెవుడు, చూపు పోవడం ఇవన్నీ ఉన్నాయి. అంటే అక్కడ రోగం గురించి చెప్పనవసరం లేదు, దాని ఫలితం చూపించాలి. కృష్ణాతీరం గారూ, మీరు ఒట్టి చేతులతో వెళ్లి ఉంటారు. న్యూరాలజిస్టు దగ్గర నరాల పరీక్ష, ఎన్‌సీఎస్ అంటారు, చేయించి ఆ రిపోర్టు పట్టుకెళ్లండి. మూడు నెలలు ఒక నోటుబుక్కులో రోజూ రాయండి: ఈరోజు ఎంత దూరం నడిచాను, ఎన్నిసార్లు తూలాను, ఎన్ని గంటలు కుట్టాను. శాతం ఇచ్చేది ఆ నోటుబుక్కు చూసి కాదు, కానీ "ఎలా ఉంది?" అని అడిగినప్పుడు "పర్లేదండీ" అని మీ నోట్లోంచి రాకుండా ఉంటుంది. మనవాళ్లు డాక్టరును చూడగానే "పర్లేదండీ" అంటారు, అక్కడే సగం శాతం పోతుంది. ఇచ్చిన శాతం తప్పనిపిస్తే అప్పీలుకు వెళ్లే హక్కు ఆ చట్టంలోనే ఉంది.

సర్టిఫికెట్ మీద డయాగ్నసిస్ గడి ఉంటుంది. నరాల జబ్బు పేరు రాస్తే చాలని డాక్టరుతో ముందే మెల్లగా చెప్పుకోండి.

వేపచెట్టు

నాకొక మాట చెప్పాలనుంది, ఎవురూ తప్పుగా అనుకోవద్దండి. ఇరవై ఏళ్లు ఒక ముద్ర మోసినాం. ఇప్పుడు వికలాంగులని ఇంకోటి ఎందుకు వేసుకోవాల? నేను ఉపాధి పనికి పోతా, మట్టి మోయలేకపోతే నీళ్లు పోస్తా. కూలి తెచ్చుకుంటా. నాకు పెన్షన్ కావాల గానీ కుంటిదాన్ని అనిపించుకోను.

ఓరుగల్లు

అక్కా, నేను గట్లనే అనుకున్న. కట్టె పట్టుకోనని మొండికేసిన. గందుకే ఏడాదిన్నర ఎముక మీద ఎముక రాకిచ్చుకున్న.

ఉత్తరపుగాలి

నేను ఇంగ్లండ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను, మాది రాజమండ్రి. వేపచెట్టు గారి మాట చదివాక రాయాలనిపించింది.

ఇక్కడ 2005లో చట్టం మార్చారు. హెచ్‌ఐవీ ఉందని తేలిన రోజు నుంచే, ఒంట్లో ఏ లక్షణమూ లేకపోయినా, వికలాంగుల చట్టం రక్షణ వర్తిస్తుంది. క్యాన్సర్‌కీ అంతే. 2010 ఈక్వాలిటీ యాక్ట్‌లోనూ దాన్ని ఉంచారు. శాతం కొలవరు. నా తోటి ఉద్యోగి ఒకామెకు పాతకాలపు మందుల వల్ల మీలాగే పాదాల మంటలు. ఆమెకు రాత్రి డ్యూటీలు తీసేశారు, కూర్చుని చేసే పని ఇచ్చారు. ఆమె తనను తాను వికలాంగురాలినని ఎక్కడా చెప్పుకోదు. ఆ పదం ఆమె ఒంటి మీద ముద్ర కాదు, యజమాని మీద బాధ్యత. అక్కడా ఇక్కడా తేడా నాకు ఇదే అనిపించింది: మన దగ్గర వైకల్యం అంటే ప్రభుత్వం ఇచ్చే శాతం, ఇక్కడ ఎదుటివాళ్లు చేయాల్సిన సర్దుబాటు.

ఇక్కడ అంతా బాగుందని కాదు. మన తెలుగువాళ్లే ఇక్కడ ఊళ్లో కంటే ఎక్కువగా దాచుకుంటారు. క్లినిక్‌లో తెలుగు నర్సు కనపడితే చాలు, అపాయింట్‌మెంట్ మార్చేసుకుంటారు.

తెల్లకోటు

ఉత్తరపుగాలి గారు చెప్పిన సర్దుబాటు మన 2017 చట్టంలో కూడా ఉంది. హెచ్‌ఐవీ ఉన్న ఉద్యోగి పని చేయగలిగేలా పనిలో చిన్న చిన్న మార్పులు చేయాలని రాశారు. అది ఉద్యోగం ఉన్నవాడి సంగతి. ఎవరి దగ్గరా పనిచేయని దర్జీకి సర్దుబాటు ఎవరు చేస్తారు? దానికి జవాబు నాకు తోచలేదు.

ఓపిక

నేను రోగిని కాదు, ఆయన భార్యని. నాకూ ఉంది గానీ నాకు ఏ బాధా లేదు. ఆయనకు 2011లో మెదడుకి టీబీ వచ్చింది. కోమాలోంచి బయటికి వచ్చారు, ఎడమ చెయ్యి పట్టు తప్పింది. చెయ్యి సంగతి అలవాటైపోయింది. ఈ మూడేళ్లుగా మతిమరుపు. మందు వేసుకున్నారో లేదో తెలీదు, రెండుసార్లు వేసుకుంటున్నారేమో అని భయం. కోపం ఎక్కువైంది. నిన్న పాలు తెమ్మంటే వెళ్లి సందు చివర నిలబడిపోయారు, ఎందుకొచ్చారో గుర్తులేక. 49 ఏళ్లే. సెంటర్లో చెబితే "వయసు" అన్నారు. దీనికి కూడా ఏమన్నా చేయించవచ్చా?

ఫిజియో_కాకినాడ

ఓపిక గారూ, 49 వయసు కాదు. దయచేసి న్యూరాలజీకి తీసుకెళ్లండి. పాత టీబీ మచ్చ కావచ్చు, వైరస్ వల్ల ఆలోచనలో వచ్చే మందకొడితనం కావచ్చు, దిగులు కావచ్చు, థైరాయిడ్, బి12 కావచ్చు. కొన్నిటికి వైద్యం ఉంది. చూడకుండా వయసు అనకూడదు.

ఈలోపు ఇంట్లో: వారం రోజుల గడులున్న మందుల డబ్బా కొనండి, ఆదివారం మీరే నింపండి. గడి ఖాళీ అయితే వేసుకున్నట్టు. వస్తువులన్నీ రోజూ ఒకేచోట. ఒకసారి ఒకే పని చెప్పండి, చీటీ రాసి జేబులో పెట్టండి. ఆయన ఇష్టంగా చేసే పని ఒకటి ఆయన చేతిలోనే ఉంచండి, తప్పు చేసినా సరే. ఎడమ చేతికి రోజూ పని చెప్పండి, గ్లాసు పట్టించడం, గుడ్డ పిండించడం. పదేళ్లు దాటినా కొంత వస్తుంది.

మిమ్మల్ని ఎవరు చూసుకుంటున్నారు?

ఓపిక

నన్నా? మా పాప.

డబ్బా కొంటాను. థ్యాంక్స్ అమ్మా.

కృష్ణాతీరం

మూడు నెలలైంది, మళ్లీ వచ్చాను. ఎలా ఉందో చెప్పాలని.

బి12 తక్కువ ఉందన్నారు, సూదులు చేశారు. రాత్రి మందు రాశారు, మంట పూర్తిగా పోలేదు గానీ నిద్ర పడుతోంది. దుప్పటి కప్పుకుంటున్నాను. ఎంసీఆర్ చెప్పులు కొన్నాను, కొట్టువాడు "షుగరా?" అన్నాడు, అవునన్నాను. మునివేళ్ల మీద లేవడం మొదట్లో మూడుసార్లకే పిక్కలు పట్టేసేవి, ఇప్పుడు పన్నెండు. కళ్లు మూసుకుంటే ఇంకా తూలుతున్నాను.

నోటుబుక్కు రాస్తున్నాను. చూసుకుంటే నెలలో 11 చెడ్డ రోజులు ఉన్నాయి. నేను ఐదో ఆరో అనుకునేవాడిని. మంచి రోజు మర్నాడే చెడ్డ రోజు వస్తోందని కూడా కనపడింది, ఫిజియో మేడం చెప్పినట్టే. ఇప్పుడు మంచి రోజున కూడా మధ్యాహ్నం మూడింటికి మిషన్ మీద గుడ్డ కప్పేస్తున్నాను. నాకూ కష్టంగానే ఉంది.

నరాల పరీక్షకి వచ్చే నెల 9న రమ్మన్నారు. ఆ రిపోర్టుతో సదరానికి మళ్లీ పెట్టుకుంటాను. మోటారు మా తమ్ముడు ఇప్పించాడు. వేగం అన్నిటికంటే కింది అంకె మీద పెట్టుకున్నాను. మొదట పాత చీర మీద కుట్టి చూశాను, తర్వాత లంగా. నిన్న ఆ పిల్ల వాళ్లమ్మ వచ్చింది, పాప పెళ్లి కుదిరిందట, పట్టు జాకెట్లు మూడు కుట్టాలట. ఒకటి ఇచ్చి వెళ్లమన్నాను.

వేపచెట్టు చెల్లీ, నీళ్లలో కాళ్లు పెట్టడం మానేశావా?

వేపచెట్టు

మానేసినా అన్నా. తడిగుడ్డ చుట్టుకుంటున్నా. చెప్పులు ఇంకా కొనలేదు, ఈ వారం కూలి పడినాక కొంటా. వెనక పట్టీ ఉన్నవే.